విశాఖలో బీచ్ పక్క ఫ్లాట్ తీసుకున్నారా? ఏది మొరాయిస్తే ఏం చేయాలి

హోటల్లో ఏసీ పనిచేయకపోతే రిసెప్షన్‌కి చెప్పి గది మారిపోవచ్చు. రోజుల లెక్కన అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో ఆ వీలు లేదు. ఓనరు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. తాళాలు ఇచ్చిన కేర్‌టేకర్ ఇంకో నాలుగు ఫ్లాట్లకు పరిగెడుతుంటాడు. మీరు ఫోన్ చేస్తే "వస్తున్నానండి" అంటాడు, సాయంత్రమవుతుంది.

లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇలాంటి ఫ్లాట్లు చూసుకునే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణాలు నాలుగే: ఉప్పు గాలి, చెమ్మ, ఇసుక, అతిథికీ అతిథికీ మధ్య ఫ్లాట్ రోజుల తరబడి మూసి ఉండటం. వీటిలో ఏది కారణమో పట్టుకుంటే కొన్ని పనులు మీ చేత్తోనే అయిపోతాయి. మిగతావాటికి ఫోన్‌లో ఏం చెప్పాలో తెలుస్తుంది. "ఏసీ పాడైంది" అంటే ఎవరో ఒకరు వచ్చి చూసి వెళ్తారు. "గాలి గట్టిగానే వస్తోంది, చల్లదనం లేదు, బయటి యూనిట్ తిరుగుతోంది" అంటే మెకానిక్ సరంజామాతోనే వస్తాడు.

ఏసీ వేసినా గది చల్లబడటం లేదు

ఏసీ ముందు చెయ్యి పెట్టి చూడండి. గాలి చల్లగానే ఉండి, బలహీనంగా వస్తుంటే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందని అర్థం. ముందు ప్యానెల్ పైకి ఎత్తితే వల లాంటి ఫిల్టర్లు కనిపిస్తాయి. ఏసీ ఆపి, వాటిని తీసి కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టండి. దీనికి ఎవరినీ పిలవక్కర్లేదు. ఫిల్టర్ చాలా రోజులుగా కడగకపోతే లోపలి కాయిల్ మీద మంచు పేరుకుని ఉండొచ్చు. అప్పుడు ఓ గంటసేపు ఫ్యాన్ మోడ్‌లో నడిపి, మంచు కరిగాక కూలింగ్ పెట్టండి.

గాలి గట్టిగా వస్తున్నా చల్లగా లేకపోతే తేడా బయటి యూనిట్‌లో ఉంది. బాల్కనీలోంచి తొంగి చూడండి. యూనిట్ తిరగకపోతే అది కరెంటు సమస్యో, కెపాసిటర్ సమస్యో. తిరుగుతూనే ఉండి ఇరవై నిమిషాలైనా చల్లదనం లేకపోతే గ్యాస్ తగ్గి ఉంటుంది. సముద్రానికి ఎదురుగా బిగించిన యూనిట్లకు ఈ జబ్బు మామూలే. ఉప్పు గాలికి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిపొడిగా రాలిపోతాయి, పైపులకు సన్నని చిల్లులు పడతాయి. గ్యాస్ నింపించే ఖర్చు ఓనరుదే. మెకానిక్ వచ్చాక "ఇప్పుడు మీరు ఇచ్చేయండి, తర్వాత చూసుకుందాం" అంటే ఒప్పుకోవద్దు. చిల్లు మూయకుండా గ్యాస్ మాత్రం నింపితే మీరు ఊరెళ్ళేలోపే మళ్ళీ పోతుంది.

ఇంకో రకం కూడా ఉంది. ఏసీలో ఏ లోపమూ ఉండదు, గది మాత్రం చల్లబడదు. అలల చప్పుడు వినబడాలని బాల్కనీ తలుపు ఓరగా తీసి పెట్టి ఉంటారు. ఆ సందులోంచి వచ్చే తేమను పిండటానికే ఏసీ శక్తంతా అయిపోతుంది. తలుపైనా మూయండి, ఏసీ అయినా ఆపండి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు చాలామంది దిగగానే 18 డిగ్రీలకు తిప్పేస్తారు. అక్కడి పొడి వేడి వేరు, ఇక్కడి ఉక్క వేరు. ఇక్కడ చల్లదనం కన్నా గాలిలో తేమ తగ్గడం ముఖ్యం. 25 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ కూడా వేస్తే చెమట ఆరిపోతుంది. బాగా కిందికి దించితే పొద్దున్నే కిటికీ అద్దాలకు బయటి వైపు నీళ్ళు కారుతూ కనిపిస్తాయి. అది లీకేజీ కాదు. చల్లబడిన అద్దానికి బయటి తేమ గాలి తగిలి నీరవుతోంది, అంతే. ఇండోర్ యూనిట్ నుంచి మంచం మీదకు నీళ్ళు పడితే మాత్రం అది నిజంగా లీకేజీయే. డ్రెయిన్ పైపు మూసుకుపోయింది, ఏసీ ఆపేసి కబురు పెట్టండి. ఇక ఎయిర్ కూలర్ చూపించి "కూలింగ్ ఉంది" అనే ఓనరు తగిలితే ఆ కూలర్ ఆన్ చేయకండి. తేమ ఉన్న గాలికి ఇంకాస్త తేమ కలపడం తప్ప అది చేసేదేమీ లేదు.

గీజర్ వేయగానే ఇల్లంతా కరెంటు పోతోంది

ముందు పక్క ఫ్లాట్‌లో లైట్లు ఉన్నాయో లేదో చూడండి. అక్కడా లేకపోతే లైన్‌లోనే పోయింది. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912. మీ ఒక్కరికే పోతే గుమ్మం దగ్గర ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు తెరవండి.

చిన్న స్విచ్ ఒకటే కిందికి పడి ఉంటే అది ఎంసీబీ, లోడు ఎక్కువైంది. ఇన్‌స్టంట్ గీజర్ ఒక్కటే 3 కిలోవాట్లు, అంటే 13 ఆంపియర్లు లాగుతుంది. దాంతోపాటు ఒకటిన్నర టన్నుల ఏసీ, వంటింట్లో ఇండక్షన్ స్టవ్ నడిస్తే పాత వైరింగ్ తట్టుకోలేదు. ఒకదాని తర్వాత ఒకటి వాడుకోండి.

టెస్ట్ అని రాసిన బటన్ ఉన్న వెడల్పాటి స్విచ్ పడితే సంగతి వేరు. అది ఆర్‌సీసీబీ. దాన్ని ఈఎల్‌సీబీ అని కూడా అంటారు. ఎక్కడో కరెంటు భూమిలోకి కారుతోంది. ఇళ్ళలో వాడేవి మామూలుగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ దాటకముందే ఆపేస్తాయి. మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టినవే అవి. ఉప్పు బోరు నీళ్ళలో గీజర్ ఎలిమెంట్ తొందరగా తినేసుకుపోతుంది, అందుకే అనుమానం మొదట గీజర్ మీదకే పోవాలి. గీజర్ స్విచ్ ఆపి, ప్లగ్ తీయగలిగితే తీసి, ఆర్‌సీసీబీ పైకి ఎత్తండి. నిలబడితే దొంగ దొరికినట్టే. ఇక ఆ గీజర్ జోలికి పోవద్దు, పొయ్యి మీద నీళ్ళు కాచుకోండి. నిలబడకపోతే మిగతా ప్లగ్గులన్నీ తీసి మళ్ళీ ఎత్తి చూడండి. వాన పడిన మర్నాడైతే బాల్కనీలోని ప్లగ్ బోర్డులో నీళ్ళు చేరి ఉండొచ్చు.

కరెంటు పనికి వచ్చిన కుర్రాడు "ఇది ఊరికే పడిపోతోంది సార్, దీన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా" అంటే ససేమిరా వద్దనండి. తడి కాళ్ళతో తిరిగే ఇల్లది.

"జనరేటర్ బ్యాకప్ ఉంది" అన్న మాటను కూడా ముందే విప్పి అడగాలి. చాలా అపార్ట్‌మెంట్లలో అది లిఫ్టుకీ, ఫ్లాట్‌లో ఒకటి రెండు లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే. ఏసీ నడవదు.

సబ్బు నురగ రావడం లేదు, పప్పు ఉడకడం లేదు

రెండింటికీ మూలం ఒకటే. తీరం పక్కన బోర్లు తోడేకొద్దీ సముద్రపు నీరు భూమి లోపల ముందుకు జరిగి మంచినీటిలో కలుస్తుంది. పైగా నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది, ఒళ్ళు జిడ్డుగా ఉంటుంది. జుట్టు పీచులా తయారవుతుంది. కందిపప్పు కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దగానే మిగులుతుంది.

స్నానానికి సబ్బు బిళ్ళ బదులు బాడీ వాష్ వాడండి, అది ఉప్పు నీళ్ళలోనూ నురగ ఇస్తుంది. పప్పు, బియ్యం, టీ వీటికి క్యాన్ నీళ్ళే పోయండి. 20 లీటర్ల క్యాన్ తెచ్చే మనిషి నంబరు వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. దిగగానే వాచ్‌మన్‌ని అడగాల్సిన ఇంకో ప్రశ్న: "మున్సిపల్ నీళ్ళు ఏ కుళాయిలో వస్తాయి, ఎప్పుడు వస్తాయి?" కొన్ని అపార్ట్‌మెంట్లలో వంటింట్లో ఆ కుళాయి వేరుగా ఉంటుంది. ఆ నీళ్ళు వచ్చే వేళకు బకెట్ పట్టి ఉంచుకుంటే చివరి నాలుగు చెంబులు తలమీద అవి పోసుకోవచ్చు. జుట్టుకు అంతకు మించిన వైద్యం లేదు.

ఫ్లాట్‌లో వాటర్ ప్యూరిఫయర్ ఉంటే సంతోషమే, కానీ రోజుల తరబడి ఆపి ఉంచినదైతే ట్యాంకులో నిలవ నీళ్ళుంటాయి. వాటిని ఒకసారి పూర్తిగా వదిలేసి, మళ్ళీ నిండాక తాగండి.

షవర్ సన్నగా కారుతుంటే చిల్లుల దగ్గర తెల్లటి పొలుసు కట్టి ఉంటుంది. షవర్ తల తిప్పి ఊడదీసి రాత్రంతా నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దండి. అన్ని కుళాయిలూ ఒకేసారి ఆగిపోతే మాత్రం పైన ట్యాంకు ఖాళీ అయింది, వాచ్‌మన్ మోటారు వేయాలి.

తలుపు తీయగానే వాసన

ఇక్కడ రెండు వాసనలుంటాయి, వాటిని కలిపేయకూడదు.

మురుగు వాసన బాత్‌రూమ్ నుంచి వస్తే చాలామంది ఫినాయిల్ పోస్తారు, కావాల్సింది నీళ్ళు. నేల మీద నీళ్ళు పోయే చోట ఉండే జాలీ కింద పైపు వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉండాలి. ఆ నీళ్ళే కింది పైపు గాలిని పైకి రాకుండా ఆపే మూత. ఫ్లాట్ మూసి ఉన్న రోజుల్లో అవి ఆవిరైపోతాయి. ప్రతి జాలీలో రెండు చెంబుల నీళ్ళు పోయండి. వాడని రెండో బాత్‌రూమ్, వాష్ ఏరియా, బాల్కనీ మూల, వాష్ బేసిన్ ఏదీ వదలొద్దు. కాసేపట్లో వాసన తగ్గుతుంది. బొద్దింకలు పైకి వచ్చే దారి కూడా అదే కాబట్టి ఆ బెడదా తగ్గుతుంది. నీళ్ళు పోస్తే దిగకుండా నిలిచిపోతే జాలీ కింద ఇసుక చేరింది. మీ ముందు వచ్చినవాళ్ళు బీచ్ నుంచి నేరుగా వచ్చి అక్కడ కాళ్ళు కడిగారన్నమాట. జాలీ ఎత్తి చేత్తో ఇసుక తీసేయాలి. కర్రతో పొడిస్తే అది ఇంకా లోపలికి పోయి గట్టిపడుతుంది. మీరైతే సెల్లార్‌లో కుళాయి దగ్గరే కాళ్ళు కడుక్కుని పైకి రండి. ఇసుక బట్టలు వాషింగ్ మెషిన్‌లో వేసే ముందు బాగా దులపండి.

రెండోది ముక్కిపోయిన వాసన. పరుపులు, బీరువా, కర్టెన్లు చెమ్మ పీల్చుకుని ఉంటాయి. బీరువా తలుపులన్నీ తెరిచి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ వేసి రెండు గంటలు బయటికి వెళ్ళి రండి. చాలాసార్లు అది చాలు. తలగడ దగ్గర గోడ మీద నల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే సర్దుకుపోవద్దు. ఆ గదిలో పడుకోకండి, ఫొటో తీసి ఓనరుకు పంపి వేరే ఫ్లాట్ అడగండి.

బాల్కనీ స్లైడింగ్ తలుపు కదలడం లేదు, తాళం తిరగడం లేదు

ట్రాక్‌లో ఇసుక ఉంది. మన చెయ్యి అలవాటుగా కొబ్బరి నూనె సీసా మీదకు పోతుంది. పోయొద్దు. నూనెకు ఇంకా ఇసుక అంటుకుని రెండో రోజుకు తలుపు ముద్దలో ఇరుక్కుపోతుంది. పెయింటు బ్రష్‌తో ఇసుక ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక కొవ్వొత్తి ముక్కతో ట్రాక్ మీద రుద్దండి. తలుపు జారుతుంది. తాళానికైతే పెన్సిల్ ములుకు పొడి. తాళంచెవి పళ్ళ మీద పెన్సిల్‌తో గట్టిగా గీసి, లోపల పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించండి. బలవంతం చేస్తే చెవి విరిగి లోపలే ఉండిపోతుంది, ఆ రాత్రి మెట్ల మీదే.

ఈ ట్రాక్‌తోనే ఇంకో గొడవ ఉంది. వాన పడితే కిటికీ మూసి ఉన్నా గదిలోకి నీళ్ళు వస్తాయి. ఫ్రేమ్ అడుగున బయటి వైపు చిన్న చిల్లులుంటాయి. ట్రాక్‌లో పడిన నీళ్ళు పోవడానికి పెట్టినవవి. అవి ఇసుకతో మూసుకుపోతే ట్రాక్ నిండి నీళ్ళు లోపలికి పొర్లుతాయి. చీపురు పుల్లతో పొడిస్తే సరి. అయితే నాలుగైదు అంతస్తుల పైన కిటికీలోంచి వంగి ఆ పని చేయకండి, లోపలి నుంచి అందినంత మటుకే.

అక్టోబరు, నవంబరులో వస్తే ఒక్క చీపురు పుల్లతో పని జరగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. సముద్రం వైపున్న ఫ్లాట్లలో అద్దాలు పగిలి గదుల్లో పడ్డాయి. తుపాను హెచ్చరిక ఉందంటే సముద్రం వైపు గదిలో పడుకోవద్దు. బుకింగ్ వేరే తేదీలకు మార్చుకోవడమో, ఊరి లోపలికి మారడమో ముందు రోజే తేల్చుకోండి.

వాచ్‌మన్ లోపలికి పంపడం లేదు

"ఓనరుగారు నాకేం చెప్పలేదండి, పంపలేను" అంటాడు. అతని తప్పు లేదు. కొన్ని అపార్ట్‌మెంట్ సంఘాలు రోజువారీ అద్దెలను ఒప్పుకోవు. ఓనరు ఆ సంగతి దాచి "మా బంధువులని చెప్పండి" అని మీకు నేర్పిస్తాడు. ఆ నాటకంలో పాత్ర వేయొద్దు. డబ్బు కట్టే ముందే "సంఘం అనుమతి ఉందా, గేటు దగ్గర మా పేర్లు రాయించారా" అని మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

గుర్తింపు కార్డు ఇవ్వాల్సి వస్తే ఆధార్ మొదటి 8 అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి, ఆధార్ వెబ్‌సైట్‌లోనే దిగుతుంది. అమెరికా నుంచి వచ్చిన కొడుకో కోడలో విదేశీ పాస్‌పోర్టు మీద ఉంటే వాళ్ళ వివరాలను ఓనరు 24 గంటల్లోపు విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి (దీన్ని సి-ఫారం అనేవారు). "అదేంటండీ?" అని అడిగే ఓనరు దగ్గర వాళ్ళను దించకపోవడం మేలు.

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్ళది ఇంకో తంటా. రైలు తెల్లవారుజామున దింపేస్తుంది, ఫ్లాట్ మధ్యాహ్నానికి గానీ ఖాళీ కాదు. స్టేషన్‌లోని క్లోక్ రూమ్‌లో సామాను పెట్టి బీచ్‌కి వెళ్ళండి, లేదా ఉదయాన్నే ఇస్తారా అని ముందే అడగండి. సగం రోజు అద్దె ఎక్కువ అడిగినా పిల్లలూ పెద్దవాళ్ళూ వెంట ఉంటే ఇచ్చేయొచ్చు. ఆర్‌కే బీచ్ దగ్గర రోడ్డులో కొంత భాగం ఉదయం నడకకు వచ్చేవాళ్ళ కోసం వాహనాలకు మూసేస్తారు. ఆటో అక్కడిదాకా రాకపోతే డ్రైవర్‌తో గొడవ పెట్టుకోకండి.

ఫొటోలో సముద్రం ఉంది, బాల్కనీలో లేదు

ఆ ఫొటో డాబా మీద తీసింది. ముందుగా బాల్కనీలోంచే వీడియో కాల్ చేయమని అడగడం ఒక్కటే మార్గం, దిగాక చేయగలిగేది తక్కువ. "బీచ్‌కి దగ్గర" అన్న మాటకు కూడా ఏ బీచో అడగండి. ఆర్‌కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడాలని వచ్చి రుషికొండలో దిగితే ప్రతిసారీ ఎనిమిది కిలోమీటర్లకు పైగా ఆటో. భీమిలి అయితే పాతిక.

నిజంగా సముద్రం కనిపించే బాల్కనీ తూర్పు, ఆగ్నేయం వైపే ఉంటుంది. మే, జూన్‌లో ఐదున్నర లోపే సూర్యుడు నేరుగా మంచం మీదకు వస్తాడు. ఆలస్యంగా లేచే అలవాటుంటే దళసరి కర్టెన్లు ఉన్నాయేమో అడగండి, లేకపోతే వెనక గదిలో పడుకోండి. మధ్యాహ్నం నుంచి అదే బాల్కనీ నీడగా, గాలిగా ఉంటుంది. అప్పుడు వెనక గది కాలుతుంటుంది.

మోకాలి లోతులోనే ఉన్నా కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది

ఫ్లాట్ సమస్య కాదు గానీ, మూడో అంతస్తు నుంచి చూస్తే సముద్రం ప్రశాంతంగా కనిపించి పిల్లలను పంపేస్తారు కాబట్టి చెప్పాలి. ఆర్‌కే బీచ్‌లో ఒడ్డు నిటారుగా దిగుతుంది, వెనక్కి పోయే అల బలంగా లాగుతుంది. అక్కడ స్నానాలు వద్దు. నీళ్ళలో ఆడాలంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న చోట, వాళ్ళు ఉన్న వేళల్లోనే. పొరపాటున లోపలికి లాగేస్తే ఒడ్డు వైపు ఈది అలిసిపోకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి.

డిపాజిట్ తిరిగి ఇవ్వడం లేదు

"ఫ్రిజ్ తలుపు తుప్పు మీరే పట్టించారు" అన్న ఓనర్లూ ఉన్నారు. మూడు రోజుల్లో తుప్పు పట్టించడం ఎవరి తరమూ కాదు, కానీ అది నిరూపించాల్సింది మీరు. సామాను దించకముందే ఫ్లాట్ మొత్తం ఒక్క వీడియో తీయండి: గోడలు, పరుపులు, ఫ్రిజ్ కీళ్ళు, టీవీ స్క్రీన్, గాజు గ్లాసులు. దాన్ని అప్పుడే ఓనరుకు వాట్సాప్ చేయండి, తేదీ, టైము దానంతటదే పడుతుంది. వెళ్ళేటప్పుడు మళ్ళీ ఒకటి. అయినా డబ్బు ఆపితే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఫ్లాటే లేదు, ఫోన్ స్విచ్ ఆఫ్, కట్టిన అడ్వాన్సు పోయిందంటే అది సైబర్ మోసం. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మధ్యలో మీరే ఎలక్ట్రీషియన్‌కో ప్లంబర్‌కో డబ్బు ఇచ్చి ఉంటే ఆ యూపీఐ స్క్రీన్‌షాట్, బాగుచేసిన చోటు ఫొటో కూడా అదే చాట్‌లో పెట్టి, డిపాజిట్‌తో కలిపి పంపమని ఖాళీ చేసే ముందు రోజే అడగండి. తాళాలు అప్పగించాక అడిగితే "వచ్చే వారం చూద్దాం" అనేస్తారు.